మరియమ్మకు మొక్కిన కొడుకు

పోయిన ఆదివారం ఫాదర్ ఇన్నయ్య మా ఇంటికి భోజనానికి వచ్చాడు. బోడుప్పల్‌లో మేము కొత్తగా కొనుక్కున్న ఫ్లాట్‌లో గదిగదికీ తిరిగి దీవించిన నీళ్లు చల్లి, ఆఖరికి వంటింట్లో ఫ్రిజ్ మీద కూడా నాలుగు చుక్కలు చల్లి కంచం ముందు కూర్చున్నాడు. తిండి దగ్గర మొహమాటం లేని మనిషి. రెండోసారి కోడికూర వేయించుకుంటూ మా ఆవిడతో, "వదినా, నిజానికి ఫాదర్ కావాల్సినోడు మీ ఆయన. నేను ఉత్తగ తోడు పోయిన" అన్నాడు. మా ఆవిడకు పొలమారింది. ముప్పై ఏళ్లకు పైగా నాతో కాపురం చేస్తున్న మనిషి, ఆ మాట గొంతు దిగడం కష్టమే. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, "ఈయననా? ఆదివారం పూజకు లేపాలంటే నేను దుప్పటి గుంజి పారెయ్యాలె" అంది. ఇద్దరూ నన్ను చూసి ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది. నవ్వితే నవ్వారు గాని, అసలు జరిగిందేమిటో ఇన్నయ్యకు సగమే తెలుసు, మా ఆవిడకు ఆ సగం కూడా తెలియదు. మొత్తం తెలిసినవాళ్లం ముగ్గురం: మా అమ్మ, ఫాదర్ రాయప్ప, నేను. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. నేను కూడా నోరు మూసుకుంటే ఇన్నయ్య చెప్పిందే చరిత్ర అయిపోతుంది.

మేమప్పుడు నాచారంలో ఉండేవాళ్లం. బాపు అక్కడి ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. రేకుల కప్పు వేసిన ఇళ్లు వరసగా ఉండేవి, వరస మొత్తానికి ఒకటే నల్లా. మా ఇంటి వెనక నిలబడితే మౌలాలి గుట్ట కనిపించేది. గాలి ఒక పక్క నుంచి వీస్తే బిస్కెట్లు కాలుతున్న కమ్మటి వాసన, ఇంకో పక్క నుంచి వీస్తే ముక్కులు మూసుకునేంత మందుల వాసన. గాలి ఎటు నుంచి వస్తే ఆ పూట మా అన్నం రుచి అటు పోయేది. మా అమ్మకు గడియారం చూడటం రాదు. సైరన్ మోగితే బాపు షిఫ్టు, మిగిలిన కాలమంతా జపమాల. పది మంగళవార్త జపాలు చెప్పేసరికి పాలు పొంగాలి, జపమాల సగం తిరిగేసరికి అన్నం గంజి వార్చాలి. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు మధ్యలో ఎవరైనా పలకరిస్తే అమ్మ జవాబు చెప్పేది కాదు, వేలితో పూసను పట్టుకుని కళ్లురిమేది. ఆ ఇంట్లో భక్తీ వంటా వేరువేరు సంగతులని నాకు చాలా పెద్దయ్యేదాకా తెలియదు.

ఇక నా సంగతి. నాకు తొమ్మిది నెలలప్పుడు జనగామ పక్కన మా అమ్మమ్మవాళ్ల ఊళ్లో జ్వరం వచ్చి ఫిట్స్ పట్టాయట. దవాఖానాలో డాక్టరు పెదవి విరిచాడట. అమ్మ నన్ను చంకనేసుకుని నడిచి, ఊరి చివర మరియమ్మ విగ్రహమున్న లూర్దుమాత గుహ దగ్గర బండ మీద పడుకోబెట్టి, "బతికియ్యి తల్లీ, పెద్దగైనంక నీకే ఇస్త" అని మొక్కిందట. తెల్లారేసరికి జ్వరం దిగింది. అంతకుముందు రోజు కాంపౌండరు ఇచ్చిన సూది వల్ల కూడా దిగి ఉండొచ్చని బాపు ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఆయనకు కూరలో కారం తప్ప ఇంకేమీ తగల్లేదు. కాబట్టి నేను మాటలు నేర్చుకునేటప్పటికే నా భవిష్యత్తు ఖాయమై ఉంది. మా ఇంటికి ఎవరొచ్చినా అమ్మ నన్ను ముందుకు తోసి, "వీడు మరియమ్మ కొడుకు" అని చెప్పేది. నా చెల్లెలు ఫాతిమా పక్కనే నిలబడి, "మరి నేనెవరి బిడ్డను?" అనేది. మరియమ్మకే ఇంకో పేరైన ఫాతిమామాత పేరు దానికి. ఆ పేరు చూసి మౌలాలి దర్జీ ఖాదర్ భాయ్ దానికి ప్రతి రంజాన్‌కూ సేమ్యా పంపేవాడు.

నా ఇంటర్ అయిపోయిన ఏడు అమ్మ గుడికి పోయి మా విచారణ గురువు, అంటే మా గుడి బాధ్యత చూసే ఫాదర్ రాయప్పతో మాట్లాడి వచ్చింది. ఫాదర్ రాయప్ప గుంటూరు వైపు మనిషి. లావుగా, నెమ్మదిగా, ఎప్పుడూ నిద్రపోయి లేచినట్టుండే కళ్లతో ఉండేవాడు. పీఠం దగ్గర నిలబడి వాక్యం చదివేవాళ్లలో నా గొంతే బాగుంటుందని ఆయనకు ముందే తెలుసు. "సరేనమ్మా, దైవపిలుపు ఉందో లేదో తొందరపడకుండా చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దామన్నాడు గాని మా బస్తీకి అంత ఓపికెక్కడిది? నెల తిరిగేసరికి నేను సగం ఫాదర్‌ని. క్యారంబోర్డు దగ్గరికి నేను పోతే కుర్రాళ్లు సిగరెట్లు వెనక దాచి, "దండం అన్నా" అని లేచి నిలబడేవాళ్లు. ఉప్పల్ చౌరస్తాలో నేను రెండో ప్లేటు అడిగితే మిర్చిబండి వాడు, "వద్దన్నా, జపం చేసేటోల్లకు కారం అరగది" అని పక్కవాడికి ఇచ్చేశాడు. వెనక వరసలో ఉండే ఒక అమ్మాయి మీద నాకు కొంత మనసుండేది. పేరు చెప్పను, ఆమెకిప్పుడు మనవలు. ఆమె ఒకరోజు నల్లా దగ్గర బిందె దించి, రెండు చేతులూ జోడించి, "జోజన్నా, నా సప్లిమెంటరీ కోసం జర ప్రార్థన చెయ్యండి" అంది. 'చెయ్యండి' అంది! ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

వీళ్లందరికీ నాయకురాలు మా పక్కింటి యాదమ్మత్త. ఆమె యాదగిరిగుట్టకు పోయి తల నీలాలిచ్చే మనిషి, గుళ్లో పూజ అంటే ఏమిటో తెలియదు, అయినా నా విషయంలో ఆమెకున్న పట్టుదల మా బిషప్ మేత్రాణుల వారికి కూడా ఉండి ఉండదు. "మన లైన్ల నుంచి ఒక సామి పోతుండు" అని నాచారం అంతా చెప్పుకుంది. ఇంతమంది నమ్ముతుంటే నేను నమ్మకపోవడం ఏం బాగుంటుందని నేనూ ప్రయత్నించాను. అబద్ధం చెప్పను, నిజంగానే ప్రయత్నించాను. సాయంత్రాలు ఖాళీ గుళ్లో మోకాళ్ల మీద కూర్చుని, "పిలిస్తే పలుకుతా స్వామీ" అని చెవులు రిక్కించేవాణ్ణి. బయట ఆర్టీసీ బస్సు హారను తప్ప ఏమీ వినిపించేది కాదు. మోకాళ్లు కాయలు కాశాయి గాని లోపల ఏమీ కదల్లేదు. నాకు పెళ్లి కావాలి, పిల్లలు కావాలి, రెండో ప్లేటు మిర్చి కావాలి. ఆ మాట అమ్మతో చెప్పాలంటే వణుకు పుట్టేది. నేను వద్దంటే అమ్మ మరియమ్మకిచ్చిన మాట తప్పినట్టు. మాట తప్పితే ఆ తొమ్మిది నెలల జ్వరం మళ్లీ వస్తుందని అమ్మ నమ్మకం. నేను బతికి ఉన్నదే ఆ మాట మీద అని ఆమె లెక్క. అదే ఫాదర్ రాయప్ప వద్దంటే ఎవరి తప్పూ ఉండదు. మేమిచ్చాం, వాళ్లు తీసుకోలేదు, అంతే. కాబట్టి ఎలాగైనా సరే ఫాదర్ చేత నన్ను వద్దనిపించుకోవాలి. పంతొమ్మిదేళ్ల వయసులో నేను దేవుడి ముందు పన్నిన పన్నాగం ఇదీ.

అవకాశం వేసవిలో వచ్చింది. పిలుపు ఉందనుకునే కుర్రాళ్లను ఐదు రోజులు ఒకచోట ఉంచి, ప్రార్థనలు చేయించి, పనులు చేయించి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి చూస్తారు. చెంగిచెర్లలో, గుట్టబండల మధ్య ఒక ధ్యానగృహం ఉండేది, ఆ ఐదు రోజులు అక్కడే. ఇప్పుడక్కడ ఏది ఎక్కడుందో నాకు ఆనవాలు కూడా దొరకదు, అన్నీ కాలనీలు. అప్పుడు చుట్టూ తాటిచెట్లు, జొన్నచేలు. ఉప్పల్‌లో సైకిల్ షాపులో పనిచేసే ఇన్నయ్య నాకు స్నేహితుడు. ఒక్కణ్ణే పోవడానికి మనసొప్పక, "కోడికూర ఉంటది రా" అని వాణ్ణి కూడా రమ్మన్నాను. వాడు తోడు వచ్చాడన్న మాట అంతవరకు నిజమే.

మొదటి రోజు తెల్లవారుజామున ఫాదర్ రాయప్ప సువార్తలో ఒక వాక్యం ఇచ్చి, తలా ఒక బండ మీద కూర్చుని గంటసేపు ధ్యానం చెయ్యమన్నాడు. నేను అందరికంటే బల్లపరుపుగా ఉన్న బండను వెతుక్కుని, వెనక రాయికి ఆనుకుని, హాయిగా నిద్రపోయాను. పట్టుబడాలనే నా కోరిక. ఫలహారం దగ్గర ఫాదర్ అందరినీ కూర్చోబెట్టి, "ధ్యానమంటే ఏమిటో జోజిని చూసి నేర్చుకోండయ్యా. నేను రెండుసార్లు పక్క నుంచే నడిచాను. ఈగ ముక్కు మీద వాలినా కదల్లేదు" అన్నాడు. పన్నెండు మంది కుర్రాళ్లు నా వైపు భక్తిగా చూశారు. నేను ఉప్మా ముద్ద నోట్లో పెట్టుకుని బిత్తరపోయాను.

మూడో రోజు వంట నా వంతు. పప్పులో మూడు గుప్పెళ్ల ఉప్పు వేశాను. పని చేతకానివాడని, దుబారా మనిషని, ఏదో ఒకటి అంటారు గదా అని. మొదటి ముద్దకే కుర్రాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఫాదర్ రాయప్ప మాత్రం కళ్లు మూసుకుని నమిలి, మింగి, మళ్లీ గరిటెడు వేయించుకున్నాడు. "ఎండలో పనిచేసిన ఒంట్లో ఉప్పు పోతుందని ఆలోచించి వండాడు చూడు. పదిమంది ఆరోగ్యం కనిపెట్టుకునే గుణం కాపరికి ఉండాలి" అన్నాడు. ఆయన తింటుంటే పాపం వాళ్లేం చేస్తారు, అందరూ తిన్నారు. ఆ మధ్యాహ్నం అంతా బోరింగు దగ్గరే వరస కట్టారు. ఇన్నయ్య నా పక్కన నిలబడి దోసిళ్లతో నీళ్లు తాగుతూ, "ఓరి నీ, సంపుతవా ఏందిరా" అన్నాడు.

విడిగా మాట్లాడేటప్పుడు చూసుకుందామనుకున్నాను. నాలుగో రోజు పిలుపు వచ్చింది, దైవపిలుపు కాదు, ఫాదర్ గదిలోకి. "నువ్వెందుకు గురువు కావాలనుకుంటున్నావు?" అని అడిగాడు. మిగతా కుర్రాళ్లంతా ఆత్మలు, సేవ, లోకరక్షణ అని బట్టీపట్టి పోయారని నాకు తెలుసు. నేను మొండిగా, "నాకు తెల్వదు ఫాదర్. మా అమ్మ మొక్కింది, వచ్చిన" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "పొద్దుటి నుంచి నాతో నిజం మాట్లాడినవాడివి నువ్వొక్కడివేరా" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇన్నయ్య లోపలికి పోయి చాలాసేపటికి ఎర్రటి కళ్లతో బయటికి వచ్చాడు. తొట్టి దగ్గర ఇద్దరం బట్టలు ఉతుక్కుంటుంటే అడిగాను.

"ఏమన్నడురా?"

"ఏమనలె. నేనే మొత్తం జెప్పిన."

"ఏం జెప్పినవ్?"

వాడు చొక్కా కాలరుకు సబ్బు రుద్దుతూనే ఉన్నాడు. "జోజీ, నాకు షాపు పెట్టుకోవాలని ఉండె. మా మామ బిడ్డను జేసుకోవాలని ఉండె. నువ్వు రమ్మంటే కోడికూరకు వచ్చిన. మొన్న బండ మీద కూసున్నప్పటి సంది ఏదో అయితున్నదిరా. వద్దు వద్దంటున్న, పోతలేదు" అన్నాడు. నేను రమ్మని ఏడాదిగా మోకాళ్లరగదీసుకున్న పిలుపు, వాడు వద్దంటున్నా వాణ్ణి పట్టుకుంది. నాకు కోపం వచ్చింది, ఆ తర్వాత జాలి కూడా వేసింది. నా చొక్కా పక్కన పడేసి వాడి చొక్కా పిండిపెట్టాను.

ఇక మిగిలింది ఒకటే. ఎవరినైనా తీసుకునే ముందు ఫాదర్ స్వయంగా ఆ ఇంటికి వచ్చి, తల్లిదండ్రులతో మాట్లాడి, ఒక పూట భోంచేసి పోవడం ఆనవాయితీ. ఆదివారం పూజ తర్వాత వస్తానని కబురు పంపాడు. యాదమ్మత్తకు ఆ కబురు వినగానే అర్థమైంది ఒకటే ముక్క: పిల్లగాణ్ణి చూడటానికి వస్తున్నారు. ఇక ఆగిందా? నాలుగిళ్ల నుంచి కుర్చీలు తెప్పించింది, వాళ్లింటి జంపఖానా మా ఇంట్లో పరిచింది, స్టీలు గ్లాసులు తోమించింది. ఫాతిమాను లోపలి గదిలో కూర్చోబెట్టి, "బయటికి రాకు. సూడ వచ్చినోల్లకు అన్నను ఇడిసిపెట్టి చెల్లె నచ్చితే మల్ల లొల్లి" అని తలుపు దగ్గరికి వేసింది. వచ్చేది ఫాదర్ అని అమ్మ ఎంత చెప్పినా, "ఎవరైతేంది, సూపులు సూపులే" అంది. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు, సేమ్యా పాయసం. నా తలకు యాదమ్మత్త స్వయంగా నూనె పెట్టి, పాపిట తీసి, మొహానికి పౌడరు రాసింది.

ఫాదర్ రాయప్ప వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మం నిండా బస్తీ ఆడవాళ్లు. మా తరఫున మాట్లాడాల్సిన బాధ్యత యాదమ్మత్త తన మీద వేసుకుంది. "ఫాదరూ, మీ దగ్గర బోరు నీళ్లా, మంజీర నీళ్లా? పిల్లగానికి బోరు నీళ్లు పడయి. ఒక రూములో ఎందరుంటరు? పండుగలకు పంపుతరా, ఆడనే ఉంచుకుంటరా?" ఆయన అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. బాపు అప్పటిదాకా మూల నిలబడి ఉన్నాడు. ఒకే ఒక్క మాట అడిగాడు: "నడుమల మనసు పట్టకపోతే, ఇంటికి పోతనంటే పోనిస్తరా ఫాదర్?" ఫాదర్ ఆయన వైపు చూసి, "ఎప్పుడైనా పోనిస్తామయ్యా. తలుపుకు తాళం ఉండదు" అన్నాడు. బాపు తల ఊపి మళ్లీ గోడకు ఆనుకున్నాడు.

అప్పుడు మా అమ్మ నోరు తెరిచింది. ఆ రోజు ఆమె మాట్లాడింది విని నేనే నమ్మలేకపోయాను. "ఉన్నది ఉన్నట్టు జెప్త ఫాదర్. వీడు పొద్దుగాల లేవడు. కోడిని వండితే సగం వీడే తింటడు. సినిమా అంటే ఉప్పల్ దాంక నడిచి పోతడు. చదువు గూడ గంతంత మాత్రమే" అని ఏకరువు పెట్టింది. నేను లోలోపల సంతోషించాను, అమ్మ అమాయకత్వం నా పని చేసిపెడుతోందని. యాదమ్మత్తకు మాత్రం గుండె ఆగినంత పనైంది. "అయ్యో, ఏందొదినా! పిల్లగాని అవలచ్చనాలు సూడ వచ్చినోల్లకు ఎవరన్న జెప్తరా!" అని అమ్మ మోచెయ్యి గిల్లింది. ఫాదర్ రాయప్ప చిరునవ్వు నవ్వి, "నిద్ర పట్టేవాడి మనసులో మచ్చ ఉండదమ్మా. తినేవాడు పెట్టడం కూడా నేర్చుకుంటాడు. నాకు నచ్చాడు" అన్నాడు. అమ్మ మొహం ఎందుకో పాలిపోయింది.

యాదమ్మత్త ఇక ఆలస్యం చెయ్యలేదు. వాళ్లింట్లోకి పరిగెత్తి ఒక కాగితం పొట్లం తెచ్చి నా చేతుల్లో పెట్టింది. వరసలోని ఆడవాళ్లంతా కలిసి నాకు తెలియకుండా నా చొక్కా ఒకటి కొలతకు పట్టుకుపోయి, ఖాదర్ భాయ్ చేత ఫాదర్ల తెల్ల అంగీ కుట్టించారు. నిజానికి ఆ అంగీ తొడగాలంటే చదువు ఏళ్లూ పూళ్లూ సాగాలి, అది వాళ్లకెవరు చెప్పాలి? ఖాదర్ భాయ్ జన్మలో ఫాదర్ల అంగీ కుట్టినవాడు కాదు. ఆయనకు చేతనైంది షేర్వానీ. అందుకని మెడకు నిలువు కాలరు, నడుము దగ్గర బిగింపు, ఎడమవైపు గుండె మీద గులాబీ పెట్టుకోవడానికి కాజా. ఫాదర్ దాన్ని పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుని, "తొడుక్కురారా, చూద్దాం" అన్నాడు.

లోపలి గదిలో తొడుక్కుని బీరువా అద్దంలో చూసుకున్నాను. ఉన్న మాట చెప్తున్నా, చాలా బాగున్నాను. ఇంత బాగుంటే పోతే పోదాంలే అని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఫాతిమా నోరు తెరిచి, "అన్నా, పెండ్లికొడుకు లెక్కున్నవ్" అంది. బయటికి వచ్చి నిలబడ్డాను. యాదమ్మత్త కణతలకు మెటికలు విరిచింది. బాపు తల దించుకున్నాడు. అమ్మ నన్ను కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసి వంటింట్లోకి పోయింది. లోపల ఏదో గిన్నె పడిన చప్పుడైంది. ఫాదర్ రాయప్ప లేచి, అందర్నీ అక్కడే ఉండమని చెయ్యి ఊపి, నన్ను మాత్రం వెంట రమ్మని సైగ చేసి లోపలికి నడిచాడు.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఫాదర్ పీట లాక్కుని ఆమె ఎదుట కూర్చున్నాడు. అంత లావు మనిషి అంత చిన్న పీట మీద కూర్చోవడం ఇంకో రోజైతే నాకు నవ్వొచ్చేది. "ఏమ్మా, నాకు నచ్చాడన్నాను గదా. పంపిస్తావా?" అన్నాడు.

"నేనేం జెయ్యాలె ఫాదర్!" అమ్మ ఒక్కసారిగా గొంతెత్తింది. "లేవడంటే మంచిదంటిరి. తిండిపోతంటే మంచిదంటిరి. ఇగ ఏం జెప్తే వద్దంటరు? మీరు వద్దంటే నా మాట నిలవడతది, నా కొడుకు నాకుంటడని గద ఇన్ని జెప్తున్న!" తర్వాత గొంతు తగ్గించి, నేల మీద గీతలు గీస్తూ చెప్పింది. "ఫాతిమాను కొట్టిన ఫాదర్. మస్తు కొట్టిన. తెల్లారి మర్సిపోయిన. వీని మీద ఒక్క దెబ్బ ఎయ్యలె, ఒక్క దెబ్బ. దేవునికిచ్చిన బిడ్డ మీద చెయ్యెట్ల లేస్తది? పరాయోల్ల బిడ్డను తెచ్చుకుని సాదినట్టు, ఎన్నడో అప్పజెప్పాలె గద అని భయం భయంగ సాదిన. పంతొమ్మిదేండ్లు నా ఇంట్లనే ఉన్నడు, నా కొడుకు లెక్క ఉండలె."

ఆ షేర్వానీ అంగీతోనే అమ్మ పక్కన మసి నేల మీద కూలబడి, "అమ్మా, నేను గూడ ఫాదర్ వద్దంటడనే సూసిన. పప్పుల ఉప్పు నేనే ఏసిన. ధ్యానంల నిద్రపోయిన" అన్నాను. ఫాదర్ రాయప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. "మూడు గుప్పెళ్ల ఉప్పు పొరపాటున పడదురా వెధవా! నువ్వు గురక పెట్టింది చెంగిచెర్ల అంతా విన్నది. ఇప్పుడైనా నిజం చెప్తావా, ఇప్పుడైనా చెప్తావా అని చూశాను. నీకు సిగ్గు పుడుతుందని రెండోసారి వేయించుకుని తింటే, రెండు రోజులు నాకు దాహం తీరలేదు. ఇక్కడికొచ్చి చూస్తే మీ అమ్మ నిన్ను మించింది."

అమ్మ కళ్లు తుడుచుకోకుండానే, తనకు అసలు కావాల్సింది అడిగింది. "మరి వీనికేం గాదా ఫాదర్? మాట తప్పితే మల్ల జరం గిట్ల..." ఫాదర్, "ఆ తల్లి కన్నకొడుకును పోగొట్టుకున్న మనిషమ్మా. ఇంకో తల్లి దగ్గర కొడుకును లాక్కుంటుందా?" అన్నాడు. మొక్కు నుంచి విడుదల చేసే అధికారం విచారణ గురువుగా తనకుందని చెప్పి, ఆ ఉల్లిపాయ తొక్కల మధ్యే అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. "మొక్కుకు బదులు ఏదో ఒకటి ఉండాలి గదా. వీణ్ణి ప్రతి శనివారం సాయంత్రం రెండు గంటలు మరియమ్మకిచ్చెయ్. వచ్చి గుడి ఊడుస్తాడు. మిగతా వారమంతా నీ కొడుకే" అన్నాడు. బయటికి రాగానే యాదమ్మత్త ఎదురొచ్చి, "ఏమైంది ఫాదరూ, మనోల్లు వద్దన్నరా, మీరు వద్దన్నరా?" అని అడిగింది. బస్తీలో ఆ తేడా చాలా పెద్దదని ఆయనకెలా తెలిసిందో గాని, "మేమే వద్దన్నామమ్మా. వీడికి ఉప్పు ఎక్కువ కావాలి, మేం పెట్టలేం" అని చెప్పి, పాయసం రెండు గిన్నెలు తాగి పోయాడు. యాదమ్మత్త మూడు రోజులు చర్చివాళ్ల పిసినారితనాన్ని తిట్టింది. ఖాదర్ భాయ్ అంగీ వాపసు తీసుకుని, మోకాళ్ల దగ్గరికి కత్తిరించి, వారంలోపే ఎవరి నికాలోనో పెళ్లికొడుక్కి తొడిగించాడు.

జూన్‌లో ఇన్నయ్య పెట్టె సర్దుకుని పోయాడు. నేను పెళ్లయ్యేదాకా శనివారాలు గుడి ఊడ్చాను. ఇప్పుడు మా బోడుప్పల్ గుళ్లో ఊడవడానికి మిషన్ ఉంది. పిలుపు ఉందనుకునే కుర్రాళ్లు ఫోన్‌లోనే ఫారం నింపుతున్నారని, ఇంట్లో వాళ్లకు ఆఖరున తెలుస్తోందని ఇన్నయ్య చెప్పాడు. మంచిదే, ఎవరి బతుకు వాళ్లు తేల్చుకోవాలి, నేను కాదనను. పిల్లల్ని అడక్కుండా దేవుడికి రాసిచ్చే తల్లులు ఇప్పుడు లేరు, ఉండకూడదు కూడా. కానీ ఇచ్చేసిన కొడుకును ఎలా వెనక్కి తెచ్చుకోవాలో తెలియక అన్నేళ్లు లోపల కుమిలిన తల్లిని నేను చూశాను. అలాంటి ప్రేమ మీద నాకు కోపం తెచ్చుకోవడం చేతకావడం లేదు.

ఫాదర్ రాయప్ప మా ఇంటికి వచ్చి పోయిన ఆ రోజు సాయంత్రం జరిగింది ఇన్నయ్యతో కూడా ఎప్పుడూ చెప్పలేదు. నేను సంబరంగా ఉప్పల్ పోయి, మిర్చిబండి వాడితో పోట్లాడి రెండు ప్లేట్లు తిని, చీకటి పడకముందే ఇంటికి వచ్చాను. అమ్మ అప్పుడే గిన్నెలన్నీ తోమి, ఇల్లు కడిగి, నడుము పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. నేను నల్లా దగ్గరి బురద కాళ్లతోనే ఆ కడిగిన నేల మీద నడిచిపోయి, చేతులైనా కడుక్కోకుండా మిగిలిన కోడికూర గిన్నెలో చెయ్యి పెట్టాను. వీపు మీద దబ్బున ఒక దెబ్బ పడింది. గిన్నె చేతిలోంచి జారింది. వెనక్కి తిరిగి చూస్తే, అమ్మ తన అరచేతి వంక తనే చూసుకుంటోంది. ఫాతిమా గది తలుపు దగ్గర నిలబడి, ఇన్నాళ్లకు తనకు న్యాయం జరిగినట్టు, "ఇంకోటెయ్యి అమ్మా" అంది.

"తాకిందా?" అని అడిగింది అమ్మ.

"తాకింది" అన్నాను.

"తాకాలె" అంది అమ్మ. నా చొక్కా పట్టుకుని దగ్గరికి గుంజుకుని, కొట్టిన చోటే చెయ్యి పెట్టి రాస్తూ బోరుమంది.